మొదటి మాత్రకు ముందే మారిన చేతిరాత: సైకోసిస్‌లా మొదలైన విల్సన్ జబ్బు – ఒక కేస్ స్టడీ

రిఫరల్ చీటీలో ఉన్నది నాలుగు ముక్కలు: "19 ఏళ్ల యువకుడు. స్కిజోఫ్రెనియా. మందులకు లొంగడం లేదు, ఈపీఎస్ చాలా ఎక్కువ. క్లోజపైన్ మొదలుపెట్టవచ్చా?"

క్లోజపైన్ అంటే మిగతా మందులు పనిచేయనప్పుడు ఇచ్చే యాంటీసైకోటిక్ (సైకోసిస్ మందు). ఈపీఎస్ అంటే యాంటీసైకోటిక్ మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు, చొంగ కారడం, మెడా దవడా వంకర పోవడం. సైకియాట్రీ వార్డులో ఇది రోజూ చూసేదే. అందుకే ఎవరూ దాన్ని రెండోసారి ప్రశ్నించరు. ఈ కేసులో ఆరు నెలలు వృథా అయింది సరిగ్గా అక్కడే. సైకోసిస్ (భ్రమలతో వాస్తవానికి దూరమయ్యే స్థితి) ఉన్న రోగిలో న్యూరాలజీ లక్షణం కనపడితే "మందు వల్లే" అనేది అన్నిటికన్నా తేలికైన జవాబు. ఆ జవాబు నిలబడాలంటే ఒక్క షరతు ఉంది: లక్షణం మందు తర్వాత రావాలి. ఆ తేదీలను ఎవరూ సరిచూడలేదు. అసలు జబ్బు విల్సన్: ఒంట్లోని రాగి బయటికి పోక లివర్‌లో, మెదడులో పేరుకునే వారసత్వ జబ్బు.

ఇక్కడి వివరాలు ఒకే తీరున నడిచిన కొన్ని కేసులను కలిపి కూర్చినవి. గుర్తుపట్టే వీలున్నవి తీసేశాం. ల్యాబ్ విలువలు, డోసులు మాత్రం ఇలాంటి రోగుల్లో ఎదురయ్యే స్థాయిలోనే ఉంచాం.

ఫైల్లో ఉన్న కథ

చేరడానికి 7 నెలల ముందు కుర్రాడిలో అనుమానాలు మొదలయ్యాయి. క్లాసులో వాళ్లు తన మాటను వెక్కిరిస్తున్నారన్నాడు. తర్వాత ఫోన్లో తనను రికార్డు చేస్తున్నారన్నాడు, చివరికి ఇంట్లోవాళ్లు కూడా వాళ్లతో కలిశారన్నాడు. 6 నెలల ముందు రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ 2 మి.గ్రా. మొదలుపెట్టి మూడు వారాల్లో 4 మి.గ్రా.కు పెంచారు. పది రోజులకే ఒళ్లు బిగుసుకుపోయింది. 4 నెలల ముందు రిస్పెరిడోన్ మాన్పించి హాలోపెరిడాల్ రోజుకు 10 మి.గ్రా., దానికి తోడు బిగుతు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చారు. అనుమానాలు కాస్త తగ్గాయి గానీ దవడ జారిపోయింది, చొంగ ఆగలేదు, మాట ముద్దగా మారి ఇంట్లోవాళ్లకు కూడా సగమే అర్థమయ్యేది. 5 వారాల ముందు హాలోపెరిడాల్ ఆపి మరో యాంటీసైకోటిక్ ఒలాంజపైన్ 10 మి.గ్రా. పెట్టారు. పెద్దగా మార్పు రాలేదు.

ఆపిన 5 వారాలకు కూడా బిగుతు తగ్గకపోవడం ఒక్కటే దేనికీ రుజువు కాదు. మందుల వల్ల వచ్చిన పార్కిన్సనిజం (బిగుతు, వణుకు, కదలిక మందగించడం) పూర్తిగా పోవడానికి నెలలు పట్టవచ్చు. పైగా ఒలాంజపైన్ ఇంకా నడుస్తోంది. కాబట్టి ఎదురుచూస్తే తేలే విషయం కాదు, వెనక్కి వెళ్లి చూడాల్సిన విషయం.

ఫైల్లో లేని కథ

ఇంటర్వ్యూలో తల్లిదండ్రులను "జబ్బు ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే ఏడు నెలలనే చెప్పారు. వాళ్ల లెక్కలో జబ్బంటే అనుమానాలు. ప్రశ్న మార్చి "చివరిసారి పూర్తిగా మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని అడిగితే కథ చేరడానికి 16 నెలల ముందుకు వెళ్లింది. మార్కులు పడిపోవడం, చిన్న మాటకే కొట్టడానికి వెళ్లడం, సమయం సందర్భం లేకుండా నవ్వడం అప్పటివి. "నవ్వు రాకుండానే మొహం నవ్వుతున్నట్టు ఉంటుంది డాక్టర్‌గారూ, స్కూల్లో దీనికోసమే దెబ్బలు తిన్నాడు" అంది తల్లి.

రాసిన పాత నోటుపుస్తకాలు ఉంటే తెమ్మన్నాం. మూడు తెచ్చింది. మొదటిదాంట్లో అక్షరం ఒకే ఎత్తున, గీత మీద నిలబడి ఉంది. చేరడానికి 11 నెలల ముందు తేదీ వేసి ఉన్న పేజీలో అదే చేతిరాత లైను మొదట్లో మామూలుగా ఉండి, చివరికి వచ్చేసరికి సగానికి సగం కుదించుకుపోయింది. మరో నెల తర్వాతి పేజీల్లో గీతలు జెర్కులు కొట్టాయి, పెన్ను కాగితాన్ని రెండుచోట్ల చీల్చింది. చివరి పుస్తకంలో పేజీకి నాలుగైదు లైన్లకు మించి లేవు. రాత కుదించుకుపోవడం మొదలైంది మొదటి రిస్పెరిడోన్ మాత్ర ఇవ్వడానికి అయిదు నెలల ముందు.

ఫోన్లో 8 నెలల నాటి ఒక వీడియో దొరికింది. పక్కన కూర్చుని కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు, కుడి చెయ్యి ఎగురుతోంది. అందులో మాట కూడా అప్పటికే కాస్త మందగించి ఉంది.

అంటే "నా మాటను వెక్కిరిస్తున్నారు" అన్నది మొదట్లో భ్రమ కాకపోవచ్చు. నిజంగానే మాట మారింది, నిజంగానే ఎవరో అనుకరించి ఉంటారు. భ్రమ దాని మీద తర్వాత పెరిగింది. కేస్ షీటులో మొదటి రోజే "పర్సిక్యూటరీ డెల్యూషన్" (తనకు హాని చేస్తున్నారన్న భ్రమ) అని రాసేస్తే ఆ మాటలోని న్యూరాలజీ సమాచారం పోతుంది. రోగి ఫిర్యాదును లక్షణంగా లెక్క వేసే ముందు, అందులో నిజమెంతో ఒకసారి చూడాలి.

పరీక్షలో కనిపించినవి

నోరు కొద్దిగా తెరిచి, పెదాలు పక్కలకు లాగినట్టున్న నిలిచిపోయిన నవ్వు. చొంగ. మాట ముక్కుతో, ముద్దగా. రెండు చేతుల్లో బిగుతు, కుడివైపు ఎక్కువ. కుడి మణికట్టు లోపలికి తిరిగిన డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగిసి మెలిపడటం). చేతులు ముందుకు చాపితే వణుకు మామూలుగానే ఉంది. మోచేతులు వంచి, చేతులు రెక్కల్లా పక్కలకు ఎత్తి వేళ్లను ఛాతీ ముందు ఎదురెదురుగా పెట్టి అర నిమిషం ఉంచమంటే మాత్రం రెక్కలు కొట్టుకున్నట్టు భుజాల నుంచి పెద్ద ఊపు వచ్చింది. ఈ భంగిమలో కనీసం 30 సెకన్లు ఆగాలి. అయిదు సెకన్లకే ఆపేస్తే ఈ వణుకు కనపడదు. మందుల వల్ల వచ్చే పార్కిన్సనిజంలో ఇలాంటి వణుకు ఉండదు.

జ్వరం లేదు, నాడి 84, సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 164. యాంటీసైకోటిక్‌ల వల్ల తీవ్ర జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కాదు. మాట తక్కువ, కదలిక తక్కువ కాబట్టి కాటటోనియా (మానసిక జబ్బులో మాట, కదలిక స్తంభించిపోవడం) అనుకునే ప్రమాదం ఉంది. దాన్ని కొలిచే బుష్-ఫ్రాన్సిస్ స్కేలు వేశాం. ఎత్తిన చెయ్యి మైనంలా అలాగే నిలవడం లేదు, విన్న మాటనే తిరిగి పలకడం లేదు, చెప్పినదానికి వ్యతిరేకంగా చేయడం లేదు. మాట్లాడలేకపోతున్నాడే తప్ప మాట్లాడకుండా లేడు.

జ్ఞాపకం, ఆలోచనలను కొలిచే మోకా పరీక్షలో 30కి 19 వచ్చింది. ఈ అంకెను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. గడియారం బొమ్మ, ఘనం బొమ్మ, గీతలు కలిపే అంశం – వీటిలో పోయిన మార్కులు చెయ్యి పనిచేయక పోయినవి. ముంజేతికి బల్ల మీద ఆధారం ఇచ్చి, లావుపాటి పెన్నిచ్చి మళ్లీ గీయిస్తే రెండు మార్కులు తిరిగి వచ్చాయి. అసలు లోపం ఫ్రాంటల్ (మెదడు ముందుభాగం) పరీక్షల్లో ఉంది: ఎఫ్‌ఏబీలో 18కి 9. పిడికిలి-అంచు-అరచేయి వరుసను మూడుసార్లకు మించి కొనసాగించలేకపోయాడు. నిమిషంలో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు నాలుగే చెప్పాడు. జ్ఞాపకంలో చేరిన విషయం సూచన ఇస్తే బయటికి వస్తోంది. ఇది మెదడు పైపొర (కార్టెక్స్) కంటే, కదలికలను నడిపే లోపలి గ్యాంగ్లియాలు, వాటిని ఫ్రాంటల్ లోబ్‌తో కలిపే దారులు దెబ్బతిన్నప్పటి తీరు.

టార్చ్ వేసి చూస్తే కళ్లలో ఏమీ కనపడలేదు. కంటిపాప చుట్టూ రంగు ముదురు గోధుమగా ఉన్నవాళ్లలో కనపడదు కూడా. "కేఎఫ్ రింగ్ (కార్నియా అంచున రాగి పేరుకుని ఏర్పడే వలయం) లేదు" అని టార్చ్‌తో చూసి రాస్తే ఆ రాతకు విలువ లేదు. కంటి డాక్టర్ల సూక్ష్మదర్శిని అయిన స్లిట్ ల్యాంప్‌లో కార్నియా అంచున, దాని లోపలి డెసిమెట్ పొరలో, బంగారు-గోధుమ రంగు రింగు పూర్తిగా చుట్టుకుని ఉంది. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ వర్ణించిన రింగు ఇదే. మొదట పైభాగంలో, తర్వాత కిందిభాగంలో మొదలై చివరికి పక్కలు కలుస్తుంది. కాబట్టి నేత్రవైద్యులకు పంపే చీటీలో "పైరెప్ప ఎత్తి పైఅంచు చూడండి" అని రాయడం మంచిది. నాడీ లక్షణాలున్న విల్సన్ రోగుల్లో అత్యధికుల్లో ఈ రింగు ఉంటుంది. లివర్ జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లలో సుమారు సగంమందికే కనపడుతుంది.

ల్యాబ్: ఎక్కడ తప్పటడుగు పడుతుంది

విల్సన్ జబ్బులో 13వ క్రోమోజోమ్ మీది ఏటీపీ7బీ జన్యువు పాడవుతుంది. లివర్ కణం రాగిని పిత్తంలోకి తోసేయలేదు, రక్తంలో రాగిని మోసే ప్రోటీన్ అయిన సెరులోప్లాస్మిన్‌కు ఎక్కించలేదు. రాగి ముందు లివర్‌లో నిండుతుంది. తర్వాత పొంగిపొర్లి మెదడుకు, కంటికి, కిడ్నీకి చేరుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపం రావాలి. సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఈ రోగికి లివర్ పరీక్షల్లో ఏఎల్‌టీ 38, బిలిరుబిన్ 1.1. ఈ రెండూ చూసి లివర్ బాగుందని పాత ఫైల్లో రాశారు. అదే షీటులో ప్లేట్‌లెట్లు 1,04,000 ఉన్నాయి, "వైరల్ ఫీవర్ కావచ్చు, మళ్లీ చూడాలి" అని పక్కన రాసి ఉంది. మళ్లీ చూడలేదు. ఇప్పుడు ప్లేట్‌లెట్లు 92,000, తెల్లకణాలు 3,600, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ 3.4, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్ఆర్ 1.3. అల్ట్రాసౌండ్‌లో లివర్ గరుకుగా, ప్లీహం 14.5 సెం.మీ. ఉన్నాయి. ఇది చప్పుడు లేకుండా ముదిరిన సిర్రోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం). నాడీ లక్షణాలతో వచ్చే విల్సన్ రోగుల్లో ఇది మామూలే. 19 ఏళ్లవాడికి సైకోసిస్, దాంతోపాటు కారణం తెలియని తక్కువ ప్లేట్‌లెట్లు అంటే అక్కడికక్కడే ప్లీహం మీద చెయ్యి వేసి చూడాలి.

సెరులోప్లాస్మిన్ 11 మి.గ్రా./డెసిలీటరు వచ్చింది. మామూలుగా 20 నుంచి 40 ఉండాలి. 10 లోపు ఉంటే అనుమానం చాలా బలపడుతుంది, 10–20 మధ్య ఉంటే మిగతా వివరాలతో కలిపి చూడాలి. ఈ ప్రోటీన్ వాపు, ఇన్ఫెక్షన్, గర్భం, ఈస్ట్రోజెన్ మాత్రల వల్ల పెరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న అమ్మాయిలో 22 వస్తే విల్సన్ కాదని తేల్చేయకూడదు.

మొత్తం సీరం రాగి 66 మైక్రోగ్రాములు/డెసిలీటరు. తక్కువగా ఉంది కాబట్టి రాగి ఎక్కువైన జబ్బు కాదనుకోవడం జూనియర్లు తరచూ చేసే పొరపాటు. రక్తంలోని రాగిలో అధికభాగం సెరులోప్లాస్మిన్‌లోనే ఉంటుంది. అది తగ్గితే మొత్తమూ తగ్గుతుంది. చూడాల్సింది విడి రాగిని: మొత్తం రాగిలోంచి సెరులోప్లాస్మిన్‌ను 3.15తో హెచ్చవేసి తీసేయాలి. 66 లోంచి 34.65 పోతే 31 మిగిలింది. ఆరోగ్యవంతుల్లో 15 లోపు ఉంటుంది, చికిత్స లేని విల్సన్ రోగుల్లో సాధారణంగా 25 దాటుతుంది. యాంటీబాడీ పద్ధతిలో సెరులోప్లాస్మిన్ కొలిచే ల్యాబుల్లో రాగి లేని ఖాళీ ప్రోటీన్ కూడా లెక్కలో పడుతుంది. అప్పుడు ఈ తీసివేత ఒక్కోసారి సున్నాకన్నా కిందికి పోతుంది. అలాంటి జవాబు వస్తే లెక్కను పక్కనపెట్టి మూత్రాన్ని నమ్ముకోవాలి.

24 గంటల మూత్రం పట్టడంలో మొదటిసారి దెబ్బతిన్నాం. రాగి 96 మైక్రోగ్రాములు వచ్చింది. లక్షణాలున్న రోగిలో 100 దాటాలన్నది పాఠ్యపుస్తకం లెక్క, దానికి అంగుళం కింద ఆగింది. అయితే మొత్తం మూత్రం 540 మి.లీ., అందులో క్రియాటినిన్ 430 మి.గ్రా. మాత్రమే. 52 కిలోల యువకుడికి అది కనీసం 800 దాకా ఉండాలి. అంటే సగం మూత్రం బాత్రూమ్‌లో పోయింది. రెండోసారి ఉదయం లేవగానే పోసిన మొదటి మూత్రాన్ని పారబోయించి, టైమ్ రాయించి, అక్కణ్నుంచి మర్నాడు అదే టైమ్‌కు పోసే మూత్రం దాకా అంతా పట్టించాం. డబ్బా ల్యాబ్ ఇచ్చిన, ఆసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ డబ్బానే వాడాం. 1,650 మి.లీ., క్రియాటినిన్ 1,010 మి.గ్రా., రాగి 286 మైక్రోగ్రాములు వచ్చింది. క్రియాటినిన్ అడగకుండా 24 గంటల రాగి రిపోర్టు మీద నిర్ణయం తీసుకోకూడదు.

ఎమ్మారై టీ2 చిత్రాల్లో రెండువైపులా మెదడు లోతుల్లోని పుటామెన్‌లు, థాలమస్‌లు, మిడ్‌బ్రెయిన్, పాన్స్ తెల్లగా మెరిశాయి. విల్సన్‌కు గుర్తుగా చెప్పే "పాండా ముఖం" ఆకారం మిడ్‌బ్రెయిన్ దగ్గర కొంచెం ఊహించుకుంటే కనపడుతుంది, రేడియాలజిస్టు దాన్ని రాయలేదు. అది లేనంత మాత్రాన తేడా ఏమీ లేదు.

విల్సన్ జబ్బును నిర్ధారించే లైప్‌జిగ్ స్కోరు: రింగుకు 2, తీవ్రమైన నాడీ లక్షణాలకు 2, సెరులోప్లాస్మిన్ 10–20 మధ్య ఉన్నందుకు 1, మూత్రంలో రాగి మామూలు గరిష్ఠానికి రెండింతలు దాటినందుకు 2. మొత్తం 7. నాలుగు చాలు. లివర్ బయాప్సీ అవసరం పడలేదు. ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు ఇలా ఉన్నప్పుడు అవసరం లేని సూది పొడవకపోవడమే మేలు. జన్యు పరీక్షకు రక్తం పంపాం కానీ ఫలితం కోసం చికిత్స ఆపలేదు.

మిగతా అనుమానాలను త్వరగానే దాటాం. సొంత యాంటీబాడీల వల్ల మెదడు వాచే యాంటీ-ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్ వారాల్లో ముదురుతుంది, 16 నెలలు సాగదు. హెచ్‌ఐవీ, సిఫిలిస్, థైరాయిడ్, బీ12, ఏఎన్‌ఏ అన్నీ మామూలుగా వచ్చాయి. గట్టిగా ఆలోచించాల్సింది ఒక్కటే: కణాల్లో కొవ్వు పేరుకునే జన్యు జబ్బు నీమన్-పిక్ టైప్ సి. సైకోసిస్, డిస్టోనియా, పెరిగిన ప్లీహం ఆ జబ్బులోనూ కలిసి వస్తాయి. దానిలో చూపును నిలువుగా చటుక్కున కదిలించడం ముందుగా దెబ్బతింటుంది. ఈ రోగి పైకీ కిందికీ చూపు బాగానే తిప్పాడు, రింగు ఎలాగూ ఉంది.

సైకోసిస్ మందులు: ముందు తీయాల్సినవి

క్లోజపైన్ అడిగారు కాబట్టి దానికి జవాబు ముందు. తెల్లకణాలు ఇప్పటికే తక్కువ. రాగిని బయటికి లాగడానికి తర్వాత ఇవ్వబోయే పెనిసిలమైన్ కూడా ఎముక మజ్జను అణచగలదు. రెండూ కలిపి ఇస్తే కణాలు పడిపోయినప్పుడు ఏది కారణమో తెలియక రెండూ ఆపాల్సి వస్తుంది. వద్దన్నాం. మూడ్‌ను నిలకడగా ఉంచే వాల్‌ప్రోయేట్ లివర్ కారణంగా వద్దు. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి దెబ్బతిన్న గ్యాంగ్లియాలపై ఇంకా బరువు మోపుతాయి. వీళ్లలో చిన్న డోసుకే బిగుతు రావడం, న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ దాకా పోవడం తెలిసిన సంగతే.

ఒలాంజపైన్‌ను రెండు వారాల్లో 10 నుంచి 5కి, 2.5కి తగ్గించి ఆపాం. అదే సమయంలో మరో యాంటీసైకోటిక్ క్వెటియపైన్ రాత్రి 12.5 మి.గ్రా. మొదలుపెట్టి మూడో వారానికి 75కు తెచ్చాం. ఈసీజీలో క్యూటీసీ (ఈ మందులతో పెరగగల గుండె లయ కొలత) 412 మిల్లీసెకన్లు, ఇబ్బంది లేదు. ట్రైహెక్సీఫెనిడిల్ ఫ్రాంటల్ పనినీ జ్ఞాపకాన్నీ మసకబారుస్తుంది. అయితే చొంగను, డిస్టోనియాను కొంత అదుపు చేస్తోంది కాబట్టి ఒక్కసారిగా తీయలేదు. 1 మి.గ్రా. చొప్పున తగ్గిస్తూ రోజుకు 2 మి.గ్రా. దగ్గర నిలిపాం.

మూడో వారంలో నర్సింగ్ నోట్సులో "ఒక్కసారిగా నవ్వు, వెంటనే ఏడుపు, బైపోలార్?" అని వచ్చింది. ఒక్కోటి 10 నుంచి 40 సెకన్లు, రోజుకు పదీపన్నెండు సార్లు. చెయ్యాల్సిన పని ఆ క్షణంలోనే అడగడం. "నవ్వు వచ్చినప్పుడు లోపల సరదాగా అనిపించిందా?" అంటే లేదని తల ఊపాడు, సిగ్గుగా ఉందని పలక మీద రాశాడు. లోపలి భావానికీ మొహానికీ సంబంధం తెగిపోయిన సూడోబల్బార్ స్థితి ఇది. మూడ్ స్టెబిలైజర్‌తో పని లేదు. దిగులుకు వాడే ఎస్కిటాలోప్రామ్ 5 మి.గ్రా. ఇచ్చాం. రెండు వారాల్లో రోజుకు మూడు సార్లకు తగ్గింది. ఈ తరగతి మందులు రక్తస్రావం ప్రమాదాన్ని కొంచెం పెంచుతాయి. ప్లేట్‌లెట్లు 92,000 ఉన్న రోగిలో అయిబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు దగ్గరికి రానివ్వొద్దని ఇంట్లోవాళ్లకు విడిగా చెప్పాం.

రాగిని తీయడం

ఇక్కడ తొందరపడితే మొదటికే మోసం. పెనిసిలమైన్ 1956 నుంచి వాడుకలో ఉంది. నాడీ లక్షణాలున్నవాళ్లలో మొదటి వారాల్లోనే పరిస్థితి దిగజారడం దాని ప్రధాన సమస్య. లివర్‌లో దాగిన రాగి ఒక్కసారిగా కదిలి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకు చేరడమే కారణమన్న భావన ఉంది. కొందరు ఆ దిగజారుడు నుంచి తేరుకోరు. రాగిని లాగే మరో మందు ట్రయంటీన్‌తో ఇతర దుష్ఫలితాలు తక్కువ, అయినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. జింక్ పేగులో రాగిని ఆపుతుంది కానీ పని మొదలుపెట్టడానికి నెలలు పడుతుంది. ఇంత ముదిరిన కేసులో అదొక్కటే చాలదు. ఈ రోగికి అందుబాటులో ఉన్నది పెనిసిలమైన్.

రోజుకు 125 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారానికి 125 చొప్పున పెంచాలన్నది పథకం. తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో, ఐరన్ మాత్రలకూ యాంటాసిడ్‌లకూ దూరంగా వేసుకోవాలి. దీనితో పాటు పిరిడాక్సిన్ (విటమిన్ బీ6) 25 మి.గ్రా. లక్ష్యం కిలోకు 15–20 మి.గ్రా., అంటే రోజుకు సుమారు 1,000. మొదటి నెల ప్రతివారం రక్తకణాలు, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. మొదటి మూడు వారాల్లో జ్వరం, దద్దురు, గ్రంథుల వాపు వస్తే అది ఎలర్జీ. అప్పుడు మందు ఆపాలి.

దిగజారుడును ముందే పట్టుకోవడానికి పెద్ద స్కేళ్లు నెలకోసారి, చిన్న కొలత ఒకటి వారానికి రెండుసార్లు పెట్టుకున్నాం: నిటారుగా కూర్చోబెట్టి, 100 మి.లీ. నీళ్లు తాగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడటం. చేరినప్పుడు 22 సెకన్లు. 125, 250, 375 దాటే దాకా అంతే ఉంది. నాలుగో వారంలో 500కు రాగానే 31, నాలుగు రోజుల తర్వాత మధ్యలో పొలమారి 48. మాటలో తేడా అప్పటికింకా ఇంట్లోవాళ్లకు తెలియలేదు. అదే రోజు నీళ్లు ఆపి చిక్కటి ద్రవాలకు మార్చాం, ముక్కు గొట్టం సిద్ధంగా పెట్టుకున్నాం, డోసును 250కి దించాం. పూర్తిగా ఆపలేదు. పెనిసిలమైన్‌ను కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడితే ఎలర్జీ ప్రమాదం పెరుగుతుంది. 250 దగ్గరే మూడు వారాలు ఉంచాం. నీళ్ల పరీక్ష 26 సెకన్లకు వచ్చింది, గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు. ఎనిమిదో వారం నుంచి పెంపును రెండు వారాలకోసారికి మార్చాం. 18వ వారానికి 1,000 చేరాడు, రెండు భాగాలుగా. అప్పుడు మూత్రంలో రాగి 910.

తిండి విషయంలో నియమాలు తక్కువే. మొదటి ఏడాది కార్జం, రొయ్యలు-పీతలు-గవ్వ జీవులు, గింజపప్పులు, చాక్లెట్, పుట్టగొడుగులు మానాలి. రాగి పాత్రలో నిలవ ఉంచిన నీళ్లు వద్దు. తిండితోనే జబ్బు తగ్గుతుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

అనుమానాలు ఆరో వారానికి పలచబడ్డాయి, పన్నెండో వారానికి పోయాయి. క్వెటియపైన్ వల్లా, రాగి దిగడం వల్లా అంటే విడదీసి చెప్పడం కష్టం. 75 మి.గ్రా. అన్నది సైకోసిస్‌కు చాలా చిన్న డోసు కాబట్టి రాగి వైపే మొగ్గుతాం. ఎనిమిదో నెలలో దాన్ని తగ్గించి ఆపేశాక కూడా అనుమానాలు తిరిగి రాలేదు.

అనుమానాలు పోయాక దిగులు వచ్చింది. తన చెయ్యి, తన మాట, పోయిన ఏడాది – ఇవన్నీ అప్పుడు అర్థమయ్యాయి. నాలుగో నెలలో చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే అప్పుడప్పుడూ అన్నాడు. ప్లాన్ ఏదీ లేదు. మాత్రలన్నీ తండ్రి దగ్గర ఉంచి, ఎస్కిటాలోప్రామ్ 10కి పెంచి, వారం వారం చూశాం. లివర్ ఇలా ఉన్నవాళ్లలో 10 దాటించం.

పదకొండో నెల

మామూలు ఫాలోఅప్‌లో మూత్రంలో రాగి 84 వచ్చింది. రిపోర్టు చూసినవాళ్లు ముందు సంతోషించారు, రాగి అంతా పోయిందని. పెనిసిలమైన్ మీద ఉన్న రోగికి ఆ అంకె రెండు రకాలుగా రావచ్చు. రాగి నిజంగానే మరీ తగ్గిపోయి ఉంటే విడి రాగి 5 లోపు ఉంటుంది. మందు వేసుకోకపోతే రాగిని బయటికి లాగేది ఏదీ లేదు, మూత్రంలో తక్కువ, రక్తంలో విడి రాగి ఎక్కువ. ఇతనికి విడి రాగి 29. ఒకే 84 అంకెకు మొదటి సందర్భంలో డోసు తగ్గించాలి, రెండో సందర్భంలో మందు మళ్లీ మొదలుపెట్టించాలి. తికమకపడి డోసు తగ్గిస్తే కొన్ని నెలల్లో లివర్ ఫెయిల్యూర్ రావచ్చు.

విడిగా కూర్చోబెట్టి, తిట్టబోమని ముందే చెప్పి అడిగితే, ఆరు వారాలుగా మింగడం లేదని ఒప్పుకున్నాడు. పొద్దున్నే ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, పైగా "బాగానే ఉన్నాగా." పొద్దుటి డోసును మధ్యాహ్నం భోజనానికి గంటన్నర ముందుకూ, రెండోదాన్ని పడుకునే ముందుకూ మార్చాం. 250తో మొదలుపెట్టి మూడు వారాల్లో పాత డోసుకు తెచ్చాం. మొదటి పది రోజులు రోజువిడిచి రోజు ఫోన్లో దద్దురు, జ్వరం గురించి అడిగాం.

పద్నాలుగో నెలలో మూత్రంలో రాగి 410, విడి రాగి 11. పెనిసిలమైన్ మీద ఉన్నవాళ్లకు మూత్రంలో 200–500 ఉండటం సరైన స్థాయి. మోకా 25. కొత్తవాళ్లకు కూడా మాట అర్థమవుతోంది. రెక్కల వణుకు వెతికితే తప్ప కనపడదు. కుడి మణికట్టు డిస్టోనియా అలాగే ఉంది, బహుశా ఉండిపోతుంది. ప్లేట్‌లెట్లు 88,000. ఎండోస్కోపీలో చిన్న వేరిసెస్ (సిర్రోసిస్ వల్ల ఉబ్బిన సిరలు) ఉన్నాయి, వాటికి లివర్ డాక్టర్ల దగ్గర ఫాలోఅప్ నడుస్తోంది.

ఫైల్లోంచి "స్కిజోఫ్రెనియా" అన్న మాటను కొట్టించడానికి డిశ్చార్జ్ సమరీ ఒక్కటీ చాలలేదు. పాత ప్రిస్క్రిప్షన్లు ఇంట్లోనే ఉంటాయి, రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్తే వాటినే చూపిస్తారు, హాలోపెరిడాల్ ఇంజెక్షన్ పడుతుంది. పర్సులో పట్టే కార్డు రాసిచ్చాం: జబ్బు పేరు, నడుస్తున్న మందులు, కింద పెద్ద అక్షరాల్లో "హాలోపెరిడాల్ వద్దు, వాంతులకు మెటోక్లోప్రమైడ్ వద్దు." రెండోది అందరూ మరిచిపోతారు. అది కూడా డోపమైన్‌ను అడ్డుకునేదే.

చెల్లెలు

తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి జబ్బు ఉండే అవకాశం 25 శాతం. 16 ఏళ్ల చెల్లెలికి ఏ ఇబ్బందీ లేదు, చదువు బాగుంది, స్లిట్ ల్యాంప్‌లో రింగు లేదు. సెరులోప్లాస్మిన్ 8, మూత్రంలో రాగి 118. అన్నలో దొరికిన రెండు ఏటీపీ7బీ మార్పులూ ఆమెలోనూ ఉన్నాయి. లక్షణాలు లేవు కాబట్టి కొన్నాళ్లు చూద్దామని తల్లిదండ్రులు అడిగారు. లక్షణాలు వచ్చేదాకా ఆగితే ఏమవుతుందో అన్న చెయ్యి చూపిస్తూనే ఉంది, అయినా ఆ పోలిక మేం తేలేదు. రాగి ఇప్పుడు లివర్‌లో చేరుతోందని, మెదడుకు చేరేలోపు ఆపవచ్చని మాత్రమే చెప్పాం.

జింక్ 50 మి.గ్రా. రోజుకు మూడుసార్లు. మాత్ర మీద రాసిన బరువు కాదు, అందులోని అసలు జింక్ లెక్క ఇది. జింక్ సల్ఫేట్ 220 మి.గ్రా.లో అసలు జింక్ సుమారు 50 ఉంటుంది. తిండికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత. కడుపులో మంట వస్తే పొద్దుటి మోతాదును పది పదకొండు గంటలకు జరపమన్నాం. జింక్ మీద ఉన్నవాళ్లకు మూత్రంలో రాగి 75 లోపుకు దిగాలి, అన్న లక్ష్యం 200–500. ఇద్దరి రిపోర్టులూ ఒకే కవరులో వస్తాయి కాబట్టి ఎవరిది ఏ స్థాయో తండ్రి కవరు మీదే రాసుకున్నాడు. ప్రతి విజిట్‌లో ఇద్దరి చేతా ఒకే పేరా గీతల కాగితం మీద రాయించి, తేదీ వేసి ఫైల్లో పెడుతున్నాం.